నీళ్లు కొట్టే ముందు చదవాల్సిన నాలుగంకెలు

1973 జూలై 5. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం, కింగ్‌మన్ అనే చిన్న ఊరు. రైలు పట్టాల మీద నిలిపిన ప్రొపేన్ ట్యాంకు నుంచి గ్యాస్ దించుకునే పని జరుగుతోంది. గొట్టం బిగించే చోట లీకై మంట అంటుకుంది. ఫైరింజన్లు వెంటనే వచ్చాయి. ట్యాంకు మీద నీళ్లు కొట్టి చల్లబరచాలని సిబ్బందికి తెలుసు. అందుకు ఏర్పాట్లు చేసుకుంటూ ఉండగానే, మంట మొదలైన సుమారు ఇరవై నిమిషాలకు, ట్యాంకు చీలిపోయి పెద్ద అగ్నిగోళం లేచింది. పదకొండు మంది ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. దూరాన రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న జనంలో పదుల మంది కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు.

వాళ్లు ధైర్యంగా వెళ్లారు, వేగంగా వెళ్లారు. మంటలో ఉన్న ఉక్కు ట్యాంకు ఎంతసేపు తాళుతుందన్న లెక్క మాత్రం వాళ్ల దగ్గర లేదు.

ద్రవీకరించిన గ్యాస్ ట్యాంకులో అడుగున ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. ద్రవం ఉన్న భాగానికి మంట తగిలితే ఆ వేడిని ద్రవం లాగేసుకుంటుంది. ఆవిరి ఉన్న పైభాగానికి తగిలితే లాగేసుకునేది ఏదీ ఉండదు. పొయ్యి మీది గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు మాడదు, ఇగిరిపోయాకే మాడుతుంది కదా, ఇక్కడా అదే సంగతి. పైభాగం ఉక్కు ఐదారు వందల డిగ్రీలకు చేరేసరికి దాని బలం సగానికి సగం పడిపోతుంది. సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్యాస్ వదులుతూనే ఉన్నా, మెత్తబడిన లోహం లోపలి ఒత్తిడికి ఆగలేక చీలుతుంది. ప్రొపేన్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 42 డిగ్రీలు. ట్యాంకు చీలిన క్షణంలో లోపలి ద్రవం ఒక్కసారిగా మరిగి, ఆవిరై, వందల రెట్లు వ్యాపించి అంటుకుంటుంది. అగ్నిమాపక శాఖలు దీన్ని ‘బ్లెవీ’ అని పిలుస్తాయి. కింగ్‌మన్ ప్రమాదం ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫైర్‌ఫైటర్ల తరగతి గదుల్లో పాఠంగా నడిచింది.

ఇవాళ అమెరికాలోనో కెనడాలోనో ఫైరింజను తలుపు తీసి చూస్తే, నారింజ రంగు అట్టతో జేబు సైజు కన్నా కాస్త పెద్దదైన ఒక పుస్తకం కనిపిస్తుంది. పేరు ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్’. అమెరికా, కెనడా, మెక్సికో ప్రభుత్వాల రవాణా శాఖలు కలిసి నాలుగేళ్లకోసారి కొత్త కూర్పు తెస్తాయి. తాజాది 2024లో వచ్చింది. అమెరికాలోని ప్రతి ఫైరింజనులో, పోలీసు కారులో, అంబులెన్సులో ఒక ప్రతి ఉండాలన్నది లక్ష్యం కాబట్టి వాళ్లకు దీన్ని ఉచితంగానే ఇస్తారు. ఎల్పీజీ, ప్రొపేన్ వంటి మండే వాయువులకు ఇందులో 115వ గైడు వర్తిస్తుంది. ట్యాంకు మంటల్లో ఉంటే చుట్టూ 1600 మీటర్ల మేర జనాన్ని దూరం చేయమని అది చెబుతుంది. సేఫ్టీ వాల్వు నుంచి వచ్చే చప్పుడు పెరుగుతున్నా, ట్యాంకు రంగు మారుతున్నా వెంటనే వెనక్కి వచ్చేయమంటుంది. ఆ రెండు లక్షణాల వెనకా కింగ్‌మన్ లాంటి చావులెన్నో ఉన్నాయి.

పుస్తకాన్ని వాడే పద్ధతి చూస్తే, తయారు చేసినవాళ్లు ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో తెలుస్తుంది. రాత్రి రెండింటికి, వానలో, పొగలో, చేతి తొడుగులతో పేజీలు తిప్పే మనిషి కోసం రాసిన పుస్తకం ఇది. అందుకే రంగులతో విభజించారు. పసుపు పేజీల్లో పదార్థాలు అంకెల వరసలో ఉంటాయి. నీలం పేజీల్లో అవే పదార్థాలు అక్షర క్రమంలో. ఏ పేజీ నుంచి వెదికినా చివరికి మూడంకెల గైడు నంబరు దొరుకుతుంది. దాన్ని పట్టుకుని నారింజ పేజీల్లోకి వెళ్లాలి. అక్కడ ఒక్కో గైడూ ఎదురెదురు రెండు పేజీలే: ప్రమాదం ఏమిటి, జనాన్ని ఎలా కాపాడాలి, మంటకూ ఒలుకుడుకూ ప్రథమ చికిత్సకూ ఏం చేయాలి. ప్రమాదాల్లో కూడా ముందు ఏది రాయాలన్నది లెక్కే. నిప్పు ఎక్కువ ముప్పయితే నిప్పు మొదట, విషం ఎక్కువ ముప్పయితే ఆరోగ్యం మొదట. వేల పదార్థాలను ఇలా అరవై చిల్లర గైడుల్లోకి కుదించారు. రసాయన శాస్త్రవేత్తకు ఈ కుదింపు మొరటుగా అనిపించవచ్చు. మొదటి పదిహేను, ముప్పయ్యి నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి మాత్రం ఇంతకన్నా సూక్ష్మమైన సమాచారం చేతికి అడ్డమే.

వెతకడానికి వాడే నాలుగంకెల సంఖ్య ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం ఇచ్చింది. పెట్రోలుకు 1203, డీజిల్‌కు 1202, ఎల్పీజీకి 1075, క్లోరిన్‌కు 1017, అమోనియాకు 1005. దేశం మారినా, భాష మారినా, కంపెనీ పెట్టుకున్న పేరు మారినా ఈ అంకెలు మారవు. లారీ మీద అంకె కనబడకపోతే వజ్రాకారపు గుర్తు చూడాలి. గుర్తు కూడా లేకపోతే బండి ఆకారం చూసి ఊహించడానికి పుస్తకంలో రైలు ట్యాంకుల, రోడ్డు ట్యాంకర్ల బొమ్మలున్నాయి. ఏ ఆధారమూ దొరక్కపోతే 111వ గైడు. లోపల ఏముందో తెలియని సరుకు కోసమే రాసిన గైడు అది. కనీసం వంద మీటర్లు అన్ని వైపులా ఖాళీ చేయించి, గాలి వచ్చే వైపున, ఎత్తున నిలబడి, అది ఏమిటో కనుక్కోమంటుంది.

ఈ చివరి మాట ఫైర్‌మన్ స్వభావానికి పూర్తిగా వ్యతిరేకం. గంట మోగిన వెంటనే ఎక్కాలి, చేరిన వెంటనే హోస్ పైపు పరచాలి, లోపలికి వెళ్లాలి. కొత్తగా చేరిన కుర్రాడికి నెలల తరబడి నేర్పేది ఇదే. ప్రమాదకర రసాయనాల శిక్షణ అదే కుర్రాడిని ఆపి, వంద మీటర్ల అవతల నిలబెట్టి, బైనాక్యులర్స్ చేతికిచ్చి చదవమంటుంది. ఆ శిక్షణలో కష్టమైన భాగం రసాయన శాస్త్రం కాదు, ఈ ఆగడమే.

ఆగకపోతే ఏమవుతుందో అమెరికాలోని టెక్సస్ సిటీ అనే రేవు పట్టణం చూసింది. 1947 ఏప్రిల్ 16న ఆ రేవులో ‘గ్రాంక్యాంప్’ అనే ఓడలో పొగ కనిపించింది. లోపల రెండు వేల టన్నులకు పైగా అమ్మోనియం నైట్రేట్ ఎరువు ఉంది. సరుకు తడవకూడదని నీళ్లు కొట్టకుండా ఓడ గదుల మూతలు బిగించి, లోపలికి నీటి ఆవిరి వదిలారు. గాలి అందకపోతే మంట ఆరుతుందన్నది మామూలు నిప్పుకు సరిపోయే సూత్రం. అమ్మోనియం నైట్రేట్‌కు బయటి గాలితో పనిలేదు, కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉంటుంది. మూసిన గది, పెరిగే వేడి, పెరిగే ఒత్తిడి ఈ మూడూ కలిసి ఎరువును బాంబుగా మార్చాయి. నారింజ రంగు పొగ వింతగా ఉందని జనం రేవుకు చేరారు. సుమారు 580 మంది చనిపోయారు. ఊరి వాలంటీర్ ఫైర్ విభాగంలోని 28 మందిలో ఒక్కరు తప్ప అందరూ పోయారు.

అదే పదార్థం మళ్లీ మళ్లీ అదే పాఠం చెప్పింది. 1988 నవంబరు 29 తెల్లవారుజామున అమెరికాలోని కాన్సస్ సిటీ దగ్గర రోడ్డు పనులు జరిగే చోట మంటలార్పడానికి వెళ్లిన ఆరుగురు ఫైర్‌ఫైటర్లు ఒక్క పేలుడులో మరణించారు. అక్కడున్న ట్రైలర్లలో రాళ్లు పేల్చడానికి అమ్మోనియం నైట్రేట్, ఇంధన నూనె కలిపిన మిశ్రమం ఉంది. ట్రైలర్ల మీద హెచ్చరిక గుర్తులు లేవు. సరుకు ఖాళీ చేసి, లోపల మిగిలింది కూడా శుభ్రం చేసేదాకా హెచ్చరిక గుర్తులు తీయకూడదన్న నియమం అమెరికాలోని పని ప్రదేశాలకు ఆ తర్వాతి సంవత్సరాల్లో వచ్చింది. 2013 ఏప్రిల్ 17న టెక్సస్‌లోని వెస్ట్ అనే ఊళ్లో ఎరువుల గోదాము పేలి 15 మంది చనిపోతే, వాళ్లలో 12 మంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవు గోదాములో మంటలని పది మంది సిబ్బందిని పంపారు. లోపల 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ పది మందీ తిరిగి రాలేదు. బేరూత్ వార్త విన్నాక మన దగ్గరా కదలిక వచ్చింది. చెన్నై శివారు మనలిలో ఏళ్ల తరబడి కస్టమ్స్ ఆధీనంలో పడివున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను వేలం వేసి, కంటెయినర్లలో హైదరాబాద్ వైపు తరలించారు.

నీళ్లే నిప్పు పుట్టించే సరుకులు మరో రకం. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ తెలుగువాళ్లందరికీ తెలిసిన రాయి. చట్టం దాన్ని నిషేధించినా మార్కెట్లలో పట్టుబడుతూనే ఉంటుంది. క్యాల్షియం కార్బైడ్ మీద నీళ్లు పడితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, అది వెల్డింగ్ మంటలో కాలే వాయువు. అందుకే గైడ్‌బుక్‌లో దానికిచ్చిన పేజీ నీళ్లు వాడవద్దనే చెబుతుంది. రైసు మిల్లుల్లో, ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంకా ప్రమాదం. తడి తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. నీటితో కలిసి విషవాయువు పుట్టించే ఇలాంటి పదార్థాలకు గైడ్‌బుక్ చివర ప్రత్యేకంగా ఒక పట్టిక ఉంది. 2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ రేవు గోదాములో చెలరేగిన మంటకు మొదటి కారణం ఎండిపోయిన నైట్రోసెల్యులోజ్ అని విచారణ తేల్చింది. అదే ఆవరణలో క్యాల్షియం కార్బైడ్, సోడియం సయనైడ్, వందల టన్నుల అమ్మోనియం నైట్రేట్ కూడా ఉన్నాయి. ఏ మూల ఏముందో మొదట వెళ్లిన సిబ్బందికి తెలియదు. చనిపోయిన, గల్లంతైన 173 మందిలో వంద మందికి పైగా ఫైర్‌ఫైటర్లు.

గైడ్‌బుక్‌లోని ఆకుపచ్చ పేజీల గురించి కాస్త వివరంగా చెప్పాలి. పీలిస్తే ప్రాణం తీసే వాయువులు లీకైనప్పుడు ఎంత దూరం ఖాళీ చేయించాలో ఆ పేజీలు చెబుతాయి. ఒక్కో పదార్థానికీ పగటి దూరం వేరు, రాత్రి దూరం వేరు. చాలావాటికి రాత్రి దూరమే ఎక్కువ. పగలు ఎండకు నేల వేడెక్కి, నేలకు ఆనుకున్న గాలి పైకి లేచి, పైగాలి కిందికి దిగి, ఆ కలగాపులగంలో విషం పలచబడుతుంది. రాత్రి నేల చల్లబడుతుంది. దానికి ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా అయి కదలకుండా నిలుస్తుంది. గాలి వేగం కూడా తగ్గుతుంది. క్లోరిన్ గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు. స్టైరీన్ ఆవిరి మూడున్నర రెట్లు. అవి పల్లం వెతుక్కుంటూ ఇళ్ల మధ్యకు పాకుతాయి. గాలి కన్నా తేలికైన అమోనియా కూడా ట్యాంకు పగిలి ఒక్కసారిగా బయటపడితే, ఆ చలికి పుట్టిన తెల్లటి మంచుతో కలిసి కొంతసేపు నేల మీదే పాకుతుంది. భోపాల్‌లో 1984 డిసెంబరులో విషవాయువు లీకైంది అర్ధరాత్రి వేళ. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ కమ్మేసింది 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. రెండు చోట్లా జనం నిద్రలో ఉన్నారు, గాలి నిశ్చలంగా ఉంది.

విశాఖ ఘటన గైడ్‌బుక్ బలాన్నీ, హద్దునూ రెండింటినీ చూపిస్తుంది. స్టైరీన్ సంఖ్య 2055. పసుపు పేజీలో దాని ఎదురుగా 128 అనే గైడు నంబరు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరం ‘పి’ ఉంటాయి. పాలిమరైజేషన్‌కు గుర్తు ఆ అక్షరం. వేడెక్కినా, కలుషితమైనా ఈ పదార్థం అణువులు తమలో తాము గొలుసులుగా అల్లుకుంటూ మరింత వేడిని పుట్టించగలవని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. అందుకే స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, గొలుసు చర్యను ఆపే టీబీసీ అనే నిరోధకాన్ని తగిన మోతాదులో కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకులో ఈ రెండూ తప్పాయి. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తన వేడికి తానే మరిగి ఆవిరిగా బయటికి వచ్చింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. చర్యను ఆపడానికి నిరోధకాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది.

గైడు 128 పెద్ద ఒలుకుడుకు గాలి వీచే దిక్కున 300 మీటర్లతో మొదలుపెట్టమంటుంది. రోడ్డు మీద ట్యాంకరు బోల్తాపడి, మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న ద్రవం ఒలికినప్పుడు అది సరైన మొదటి అడుగు. మరుగుతున్న పెద్ద ట్యాంకు గంటల తరబడి ఆవిరి చిమ్ముతున్నప్పుడు ఆ దూరం చాలదు. ఇది రవాణాలో జరిగే ప్రమాదాల మొదటి నిమిషాల కోసం రాసిన పుస్తకమని దాని మొదటి పేజీల్లోనే ఉంది. ఫ్యాక్టరీ ప్రమాదానికి ఆ ఫ్యాక్టరీ రాసుకున్న అత్యవసర ప్రణాళిక కావాలి, ఆ పదార్థపు సేఫ్టీ డేటా షీట్ కావాలి, సైరన్ మోగాలి, ఆ ప్రణాళిక ఊరి ఫైర్ స్టేషన్‌కు ముందే తెలిసి ఉండాలి. పుస్తకం ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవాడే దాన్ని సరిగా వాడగలడు. శిక్షణలో ఇది తప్పకుండా నేర్పాల్సిన విషయం.

మన రోడ్ల మీది లారీలకు మన పద్ధతి ఒకటుంది. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ప్రమాదకర సరుకు మోసే బండికి అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. సరుకు అసలు పేరు, వజ్రాకారపు గుర్తు, ప్రమాదం జరిగితే పిలవాల్సిన ఫోను నంబర్లు దాని మీద రాయాలి. డ్రైవరు క్యాబిన్‌లో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ‘ట్రెమ్ కార్డు’ ఉండాలి. డ్రైవరుకు ప్రత్యేకంగా మూడు రోజుల శిక్షణ ఉండాలి, ఆ తర్వాత దాన్ని పునశ్చరణ చేయించాలి. పెట్రోలు ట్యాంకరు వెనక 1203 అన్న అంకెతో పాటు ‘3 వై ఈ’ అని కనిపించేది హజ్‌కెమ్ సంకేతం. 1970లలో లండన్ ఫైర్ బ్రిగేడ్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి అది. పుస్తకం తెరవకుండానే అది మూడు ఆజ్ఞలు ఇస్తుంది. అంకె ఏది కొట్టాలో చెబుతుంది: 1 అంటే నీటి ధార, 2 అంటే సన్నని నీటి తుంపర, 3 అంటే ఫోమ్, 4 అంటే పొడి పదార్థాలు. అక్షరం ఏ దుస్తులు వేసుకోవాలో, ఒలికినదాన్ని నీటితో కడిగేయవచ్చో, కట్టవేసి ఆపాలో, ఉధృతంగా పేలే స్వభావం ఉందో చెబుతుంది. చివర ‘ఈ’ ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి.

‘3 వై ఈ’ అంటే ఫోమ్ కొట్టు, బీఏ సెట్ (శ్వాస పరికరం) తగిలించుకో, కాలువలోకి పోనీయకు, చుట్టుపక్కలవాళ్లను పంపెయ్యి అని. పెట్రోలు నీటి కన్నా తేలిక. మంట మీద నీళ్లు ధారగా కొడితే నీళ్లు అడుగుకు పోతాయి, పెట్రోలు పైన తేలి మండుతూనే మురుగుకాలువల వెంట పరుగెత్తుతుంది. ఫోమ్ పైన పరుచుకుని ఆవిరిని లేవనీయదు. ఇంత సంగతి మూడు అక్షరాల్లో ఇమడ్చడం గొప్ప పని. అయితే ఫలకం మీద దుమ్ము పట్టినా, నిన్నటి సరుకు సంకేతం ఇవాళా అలాగే ఉన్నా ఆ మూడు అక్షరాలే అబద్ధం చెబుతాయి.

గుర్తుల విషయంలో శిక్షణ తప్పనిసరి అనడానికి మరో కారణం ఉంది. ఫ్యాక్టరీ గోడల మీద, ట్యాంకుల మీద నాలుగు రంగుల వజ్రం కనిపిస్తుంది. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం రూపొందించిన గుర్తు అది. నీలం ఆరోగ్యానికి, ఎరుపు మండే గుణానికి, పసుపు అస్థిరతకు, తెలుపు ప్రత్యేక హెచ్చరికలకు. అందులో 0 అంటే ప్రమాదం లేదు, 4 అంటే అత్యంత ప్రమాదం. కానీ డ్రమ్ముతో వచ్చే సేఫ్టీ డేటా షీట్లలో వాడే అంతర్జాతీయ వర్గీకరణలో లెక్క తలకిందులు. అక్కడ ఒకటో కేటగిరీయే అతి ప్రమాదకరం. ఒక్కటి అన్న అంకె చూసి ఫర్వాలేదనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

అమెరికా కార్మిక భద్రతా నియమాలు ఈ శిక్షణను మెట్లుగా విడగొట్టాయి. మొదటి మెట్టులో గుర్తించడం, దూరంగా ఉండడం, కబురు పెట్టడం మాత్రమే. రెండో మెట్టుకు కనీసం ఎనిమిది గంటల శిక్షణ. ఆ సిబ్బంది లీకును ముట్టుకోరు. దూరం నుంచి మట్టికట్ట వేస్తారు, నీటి తుంపరతో ఆవిరిని అణుస్తారు, జనాన్ని తరలిస్తారు. మూడో మెట్టు టెక్నీషియన్లది, కనీసం ఇరవై నాలుగు గంటలు. లీకు దగ్గరికి వెళ్లి పూడ్చేది వాళ్లే. ఆ పైన నిపుణులు, మొత్తం పనిని నడిపించే కమాండరు. ప్రతి ఫైర్‌మన్‌నూ మూడో మెట్టుకు తీసుకెళ్లలేం, అవసరమూ లేదు. మొదటి రెండు మెట్లు అందరికీ రావాలి, మూడో మెట్టు బృందం ఎంత దూరంలో ఉందో ముందే తెలిసి ఉండాలి. మన దేశంలో నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల అధికారులకు శిక్షణ ఇస్తుంది. రసాయన ప్రమాదాలకు తర్ఫీదైన బృందాలు జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్‌ఎఫ్)లో ఉన్నాయి. విశాఖకు పుణె నుంచి అలాంటి నిపుణులను విమానంలో పంపారు. మొదటి గంట మాత్రం ఎక్కడైనా దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌దే.

మూడో మెట్టు సిబ్బంది తొడుక్కునే సూట్ల గురించి బయటివాళ్లకు ఒక అపోహ ఉంటుంది. నిప్పులోకి వెళ్లే కోటు రసాయనాన్ని ఆపదు, అది పీల్చుకుంటుంది. రసాయనాన్ని ఆపే గాలిచొరని సూటు నిప్పుకు ఆగదు, కరుగుతుంది. రెండూ కలిసిన ప్రమాదంలో దేన్ని ఎంచుకోవాలన్నది పుస్తకం చదివి తేల్చుకోవాలి. సూటు లోపల గాలి ఆడదు, చెమట ఆరదు. మే నెల ఎండలో కొద్ది నిమిషాలకే ఒంట్లో వేడి పెరిగిపోతుంది. వీపున ఉన్న సిలిండరు పేరుకు అరగంట, ముప్పావుగంట. శ్రమలో ఆ గాలి ముందే అయిపోతుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే లోపలికి నడవాలి, పని చేయాలి, వెనక్కి రావాలి, సూటు మీది విషాన్ని కడిగించుకోవాలి. నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే పెద్ద క్లోరిన్ సిలిండరు (టన్నర్)కు వాల్వు దగ్గర లీకైతే దాన్ని మూసే ప్రత్యేకమైన కిట్ ఉంది. దాని బిగింపులు దళసరి తొడుగుల చేతులతో, తడుముకోకుండా బిగించడం రావాలంటే ఖాళీ టన్నర్ మీద ఎన్నోసార్లు సాధన చేసి ఉండాలి.

కాగితం పుస్తకంతోనే పని ఆగిపోలేదు. అమెరికా రసాయన పరిశ్రమ 1971లోనే ‘కెమ్‌ట్రెక్’ అనే ఇరవై నాలుగు గంటల ఫోను కేంద్రం పెట్టింది. గైడ్‌బుక్‌కు ఉచిత యాప్ ఉంది. ఆ దేశపు వాతావరణ, పర్యావరణ సంస్థలు కలిసి నడిపే ‘కామియో’లో వేల రసాయనాల వివరాలున్నాయి. రెండు రసాయనాలు కలిస్తే ఏమవుతుందో కూడా అది అంచనా వేస్తుంది. ఫైర్‌ఫైటర్లు ఎంతో ఇష్టంగా వాడిన ‘వైజర్’ అనే మరో యాప్‌ను దాన్ని నడిపిన సంస్థ 2023 ఫిబ్రవరిలో ఆపేసింది. సిగ్నల్ ఉండదు, బ్యాటరీ అయిపోతుంది, యాప్ మూతపడుతుంది. కాగితం పుస్తకాన్ని ఇంకా ముద్రిస్తూనే ఉండడం అందుకే సబబు.

కొత్త సరుకులు వస్తున్న కొద్దీ పుస్తకం మారుతోంది. లిథియం అయాన్ బ్యాటరీలకు సంఖ్య 3480, గైడు 147. ఈ బ్యాటరీలో ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌ను వేడెక్కించి అంటిస్తుంది, విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను వదులుతుంది, ఆరిందనుకున్నాక గంటలకు మళ్లీ రాజుకుంటుంది. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరు 12 రాత్రి విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిని ముంచెత్తి ఎనిమిది మందిని బలిగొంది. కొత్త సరుకులే కాదు, పాత రసాయనాలూ ఇళ్ల నడుమే ఉంటున్నాయి: మరుసటి ఏడాది నవంబరు 13న హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంటు కింది భాగంలో నిల్వచేసిన రసాయన డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు.

రోడ్డు మీది ట్యాంకరుకు కనీసం ఫలకం ఉంటుంది. జనావాసాల నడుమ రసాయన డ్రమ్ములు దాచిన సెల్లారుకు ఏ గుర్తూ ఉండదు. లోపలికి వెళ్లే ఫైర్‌మన్‌కు అది మామూలు ఇల్లే. నగరపాలక సంస్థలూ, పరిశ్రమల శాఖా, అగ్నిమాపక శాఖా కలిసి ముందు సరిచేయాల్సిన లోపం ఇదే. రసాయనం నిల్వ ఉన్న ప్రతి భవనం గేటు మీద దాని సంఖ్య రాసి ఉండాలి, ఆ జాబితా దగ్గర్లోని ఫైర్ స్టేషన్ గోడ మీద ఉండాలి. ప్రతి ఫైరింజనులో తెలుగులో, తుడిస్తే చెరగని కాగితం మీద అచ్చయిన చిన్న గైడు పుస్తకం ఉండాలి. ఏ స్టేషన్ పరిధిలో ఏ రసాయనాలు ఎక్కువో ఆ పేజీలు ముందుండాలి. విశాఖకు స్టైరీన్, క్లోరిన్, కోనసీమకు సహజవాయువు, ఫార్మా కంపెనీల ప్రాంతాలకు ద్రావకాలు. ఇందుకు కొత్త పరిశోధనలేవీ అక్కర్లేదు. కావలసిన సమాచారమంతా ఉంది, అది మంట దగ్గర నిలబడ్డ మనిషి చేతికి, అతను చదివే భాషలో అందాలి.

ఇందులో మామూలు జనం చేయగలిగిన పని కూడా ఒకటుంది. దారిలో ట్యాంకరు బోల్తాపడి కనిపిస్తే దగ్గరికి వెళ్లవద్దు, కారుతున్నదాన్ని డబ్బాల్లో పట్టుకోవద్దు, పక్కన బండి స్టార్ట్ చేయవద్దు, సిగరెట్ వెలిగించవద్దు. గాలి మీ వైపు నుంచి ట్యాంకరు వైపు వీచేలా, ఎత్తుగా ఉన్న చోటికి వెళ్లి నిలబడండి. ఫోను కెమెరాను జూమ్ చేసి, ఫలకం మీది అంకెలు చదివి, 112కో 101కో ఫోను చేసినప్పుడు ఊరి పేరుతో పాటు ఆ అంకెలు కూడా చెప్పండి. అంకెలు కనబడకపోతే ట్యాంకరు ఆకారం, పొగ రంగు చెప్పండి. ఫైరింజను బయల్దేరే ముందే ఫోమ్ ఎక్కించాలా, బీఏ సెట్లు ఎన్ని పెట్టాలి, ఎంత దూరంలో ఆపాలి అన్నది ఆ కాస్త సమాచారంతో తేలుతుంది.